దొరికినది వేరు, ఇచ్చినది వేరు

గత నెలలో మేము గిద్దలూరులో రైలెక్కి, కంభం, తర్లుపాడు దాటి, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి మా అక్కయ్య ఇంటికి వెళ్ళాము. మా బావగారిది పలకల వ్యాపారం. ఏ ఊరి దుకాణానికి ఎంత సరుకు పంపినదీ, ఎవరి నుండి ఎంత రావలసినదీ ముందుగదిలోని కంప్యూటరులో వ్రాసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు ఆ కంప్యూటరు మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు సలాము చేసి, తల వంచుకొని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ సంగతి తెలిసింది. "ఆటల పిచ్చి, భాయ్‌సాబ్. ఎక్కడో ఉచితంగా దొరికిందని ఏదో దించుకున్నాడు. తెల్లవారేసరికి మూడేళ్ళ లెక్కలు తాళం పడిపోయాయి. తెరిస్తే ఒకటే మాట, డబ్బు కట్టమని" అన్నారు బావగారు. ఆయన గొంతులో కోపం కంటె దిగులే ఎక్కువగా వినిపించింది. అచ్చుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత వ్రాత పలకల గిరాకీ మునుపటిలా లేదు. ఉన్న కొద్దిపాటి బేరంలో రావలసిన బాకీలే ఆధారం. ఆ బాకీల చిట్టా పోయింది. కంప్యూటరు అమ్మివేయాలని ఆయన నిశ్చయించుకున్నారు.

అక్కయ్య మాత్రం మమ్మల్ని వంటింటి గుమ్మం దగ్గర ఆపి, "వాడు దొంగ కాదు. వాడికి ఏం కావాలో ఒక్కసారి అడిగి చూడండి" అన్నది. అడిగాము. ఆ పిల్లవాడు చెప్పిన సంగతులూ, ఆ తరువాత మేము తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించిన సంగతులూ ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. ఇటువంటి పిల్లలు నేడు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు.

మా మేనల్లుడు ఆడే ఆట క్రికెట్ ఆట. ఈఏ స్పోర్ట్స్ సంస్థ 2006లో విడుదల చేసిన 'క్రికెట్ 07' అది. ఆ సంస్థ ఆ వరుసలో తరువాత మరొక ఆట తేలేదు. అయినా మన దేశంలోనూ పొరుగు దేశాలలోనూ అభిమానులు దానిని వదలలేదు. కొత్త జట్ల దుస్తులు, కొత్త ఆటగాళ్ళ పేర్లు, కొత్త మైదానాల బొమ్మలు తామే తయారుచేసి అందులో చేర్చుకుంటూ వచ్చారు. ఇలా ఒక ఆటను దాని అభిమానులే మార్చి క్రొత్తది చేసుకోవడాన్ని 'మోడింగ్' అంటారు. మావాడు కూడా దుస్తుల రంగులు మార్చడంతో ఆరంభించాడు. కొన్నాళ్ళకు బొమ్మలు మార్చడం చాలలేదు. బంతి వెళ్ళే చోటికి ఫీల్డర్లు సరిగా పరుగెత్తడం లేదనీ, ఆ నడవడికనే మార్చాలనీ అనిపించింది. అందుకు సి++ అనే భాషలో ప్రోగ్రాము వ్రాసి, కంపైలర్‌తో సిద్ధం చేయాలని ఎవరో చెప్పారు. వాడు కంపైలర్ కోసం వెదకడం ఆరంభించాడు. వెల గల ఒక కంపైలర్‌కు తాళం పగులగొట్టిన ప్రతి దొరికింది. దానితోపాటు వచ్చిన కీడే బావగారి లెక్కలను మింగివేసింది.

కంపైలర్ అంటే ఏమిటో ఇంట్లోని పెద్దలకు తెలియడం అవసరం. కంప్యూటరుకు అర్థమయ్యేది అంకెల రూపంలోని ఆజ్ఞలు మాత్రమే. మనిషికి వ్రాయడానికి వీలైన భాష వేరు. ఈ రెండింటికి మధ్య నిలిచే తర్జుమాదారే కంపైలర్. జుమా నాడు ఉర్దూలో సాగే బయానును ఒకరు ప్రక్కన నిలిచి వాక్యం వాక్యంగా తెలుగులో చెబుతారు. అది ఒక పద్ధతి. గ్రంథాన్నంతా ముందే తెలుగులోకి మార్చి, అచ్చువేసి చేతికివ్వడం మరొక పద్ధతి. కంపైలర్ చేసేది రెండవ పని. అచ్చయిన పుస్తకం వేగంగా చదువుకోవచ్చు, తర్జుమాదారు ప్రక్కన ఉండనక్కరలేదు. పెద్ద ఆటలు వేగంగా నడవాలి గనుక వాటిని కంపైలర్‌తోనే తయారుచేస్తారు.

ఈ తర్జుమాదారును సంపాదించుకోవడం ఒకప్పుడు సామాన్యునికి కష్టమైన మాట వాస్తవమే. 1980లలో మంచి కంపైలర్లు చాలావరకు వెల పెట్టి కొనవలసినవి. మన ప్రాంతంలో డిగ్రీ, డిప్లొమా చదివిన వారందరికీ ఒక నీలి తెర గుర్తుండే ఉంటుంది. అది బోర్లాండ్ సంస్థవారి టర్బో సి++. 1990ల ఆరంభం నాటి ఆ పనిముట్టుతోనే మన దేశంలోని ఎన్నో కళాశాలలు దశాబ్దాల తరబడి పాఠాలు చెప్పాయి. సి++ భాషకు అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది 1998లో. దానికంటె ముందే పుట్టిన పనిముట్టుతో నేర్చిన విద్యార్థి, నేటి ఆటల ప్రోగ్రామును చూసినప్పుడు తికమక పడడంలో వింత లేదు.

అయితే ఆ కాలంలోనే మరొక మార్గం తెరుచుకున్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో 'గ్నూ' అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవడానికీ, లోపల ఏముందో చదువుకోవడానికీ, మార్చుకోవడానికీ, ఇతరులకు పంచడానికీ అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను తయారుచేయాలన్నది దాని లక్ష్యం. ఆ ప్రయత్నంలో భాగంగా 1987లో వెలువడినదే జి.సి.సి. అనే కంపైలర్. దానిని డి.జె. డెలోరీ అనే ప్రోగ్రామరు 1989లో ఆనాటి సాధారణ డాస్ కంప్యూటర్లకు అనువుగా మార్చడం మొదలుపెట్టాడు. ఆ రూపాంతరం పేరు డి.జె.జి.పి.పి. 1996లో లోకమంతటా పేరుపొందిన 'క్వేక్' అనే ఆటకు డాస్ ప్రతిని దాని నిర్మాతలు ఈ ఉచిత కంపైలర్‌తోనే తయారుచేశారు. డబ్బుగల సంస్థ వాడిన పనిముట్టే పేద విద్యార్థి చేతిలోనూ ఉన్నదన్నమాట.

ఆ సంస్థయే 1997 డిసెంబరులో తమ పాత ఆట 'డూమ్'కు మూలమైన ప్రోగ్రామును లోకానికి విడుదల చేసింది. 1999లో దానిని గ్నూ లైసెన్సు క్రిందికి తెచ్చింది. పెద్ద సంస్థలు కూడా క్రమంగా దారి మార్చుకున్నాయి. మైక్రోసాఫ్ట్ 2005లో తమ విజువల్ స్టూడియోకు ఎక్స్‌ప్రెస్ అనే తేలిక ప్రతిని తెచ్చింది. 2014 నుండి కమ్యూనిటీ అనే ప్రతిని విద్యార్థులకూ, సొంతంగా పనిచేసుకునే వ్యక్తులకూ వెల లేకుండా ఇస్తున్నది. కనుక మా మేనల్లుడు తాళం పగులగొట్టిన ప్రతి కోసం వెదికిన నాటికి, ఆ పనే చేయగల కంపైలర్లు యజమానుల ఇష్టంతోనే ఉచితంగా లభిస్తున్నాయి. ఈ మాట చెప్పినప్పుడు వాడు చాలాసేపు మౌనంగా ఉండి, "నాకెవరూ చెప్పలేదు మామూ" అన్నాడు.

మా బావగారికి ఇక్కడ ఒక సందేహం వచ్చింది. "అదీ ఉచితమే, ఇదీ ఉచితమే. తేడా ఏముంది?" అని అడిగారు. సమంజసమైన ప్రశ్న. తోటలో రాలిన మామిడిపండు ఏరుకొని తెచ్చినా ఉచితమే, తోట యజమాని పిలిచి చేతిలో పెట్టినా ఉచితమే. మొదటిదానిలో దొరికినది మాత్రమే ఉంది. రెండవదానిలో ఇచ్చినవాని అనుమతి ఉంది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలో 1984 సవరణ ద్వారా కంప్యూటరు ప్రోగ్రాములను కూడా గ్రంథాల సరసన చేర్చారు. దొంగ ప్రతి అని తెలిసి కూడా వాడితే అది శిక్షార్హమైన నేరమని ఆ చట్టమే చెబుతున్నది. ధర్మశాస్త్ర పండితులు కూడా ఈ విషయాన్ని చర్చించకపోలేదు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన తన ఐదవ సమావేశంలో, గ్రంథ రచనకూ నూతన ఆవిష్కరణకూ సంబంధించిన హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ గలవనీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. కంటికి కనిపించని సొత్తు గనుక తీసుకున్నా తప్పులేదన్న మాట నిలువదు.

ఇక గ్నూ కంపైలర్ విషయంలో యజమానులు అనుమతి ఇవ్వడమే కాదు, ఒక షరతు కూడా పెట్టారు. దానిని మార్చి ఇతరులకు పంచేవాడు, తాను పొందిన స్వేచ్ఛనే వారికీ ఇవ్వాలి, మూల ప్రోగ్రామును దాచుకోరాదు. త్రవ్వించిన బావి నీటిని అందరూ త్రాగవచ్చును గాని, ఎవరూ దానికి తాళం వేయరాదన్నట్లు ఉంటుంది ఈ షరతు. అయితే ఆ కంపైలర్‌తో మీరు తయారుచేసుకున్న సొంత ప్రోగ్రాము మాత్రం మీదే. దానిని ఏ నిబంధనలతో పంచాలన్నది మీ ఇష్టం.

మన తెలుగునేలపై కూడా ఈ భావనను ప్రచారం చేస్తున్నవారు ఉన్నారు. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ, తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి, కళాశాలల విద్యార్థులకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేస్తూ వచ్చింది. ఇంగ్లీషు తెర చూసి వెనుకాడే మన పల్లెల పిల్లలకు ఇది చిన్న సాయం కాదు.

ఇప్పుడు ఆచరణలోని సంగతులు. మీ పిల్లలు ఇటువంటి కోరికతో వస్తే మొదట అడగవలసిన ప్రశ్న, అసలు కంపైలర్ అవసరమా అని. బొమ్మలు, రంగులు, శబ్దాలు మార్చడానికి దానితో పనిలేదు. చాలా ఆటలలో నియమాలను మార్చడానికి లువా వంటి తేలిక భాష చాలు. 1993లో బ్రెజిల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ భాష పేరుకు అక్కడి మాటలో చంద్రుడని అర్థం. ఇందులో వ్రాసినదానిని విడిగా కంపైల్ చేయనక్కరలేదు. ఆట నడుస్తుండగానే చదివించవచ్చు.

ఆట లోపలి యంత్రాన్నే మార్చాలనుకుంటే కంపైలర్ తప్పదు. విండోస్ కంప్యూటరులో జి.సి.సి.ని మింగ్‌డబ్ల్యు-డబ్ల్యు64 అనే రూపంలో పొందవచ్చు. కొత్తవారికి కోడ్‌బ్లాక్స్ అనే సాధనం అనుకూలం. దానిలో కంపైలర్ కూడా కలిపి ఉన్న ప్రతి ఒకటి ఉంది, దానిని ఎంచుకుంటే రెండూ ఒకేసారి వస్తాయి. విజువల్ స్టూడియో కమ్యూనిటీ ప్రతి కూడా మంచిదే గాని, అది అనేక గిగాబైట్ల బరువు. ఫోను డేటా మీద ఆధారపడే ఇళ్ళవారు ముందుగా ఆలోచించుకోవాలి. లినక్సు వాడేవారికి జి.సి.సి., క్లాంగ్ అనే రెండూ సులభంగా లభిస్తాయి. కంప్యూటరే లేని ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ ద్వారా క్లాంగ్ కంపైలర్‌ను వాడవచ్చు. చిన్న తెర మీద కష్టమైనా, చిన్న చిన్న ప్రోగ్రాములు నేర్చుకోవడానికి అది చాలు.

ఒక జాగ్రత్త. పాత ఆటలు చాలావరకు 32 బిట్ల పద్ధతిలో తయారైనవి. వాటికి చేర్చే ప్రోగ్రాము కూడా 32 బిట్లలోనే తయారు కావాలి. కొన్ని ఆటలు ఫలానా కంపైలర్‌తో చేసినదానినే అంగీకరిస్తాయి. ఇది తెలియక ఎన్నో రాత్రులు వృథా చేసుకున్న పిల్లలు, తమ తెలివితేటలనే శంకించుకుంటారు. తప్పు వారిది కాకపోవచ్చు.

దించుకునేటప్పుడు పెద్దలు ప్రక్కన కూర్చొని మూడు సంగతులు చూడాలి. ఆ కంపైలర్‌ను తయారుచేసినవారి సొంత చిరునామా నుండే దించుకుంటున్నారా? వైరస్ నిరోధకాన్ని ఆపివేయమని ఎక్కడైనా చెబుతున్నదా? 'క్రాక్', 'కీజెన్' వంటి మాటలు కనిపిస్తున్నాయా? రెండవ, మూడవ ప్రశ్నలలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా అక్కడే ఆగిపోవాలి. ఇచ్చేవాడు సంతోషంతో ఇస్తున్నప్పుడు మన ఇంటి కాపలాదారును నిద్రపుచ్చమని అడగడు. అన్నింటికంటె ముందు, వ్యాపారపు లెక్కలకు మరొక ప్రతి వేరే చోట ఉంచుకోవాలి. పిల్లవాని తప్పు ఎంత ఉన్నదో, మూడేళ్ళ లెక్కలను ఒకే చోట ఉంచిన పెద్దల పొరపాటు కూడా అంతే ఉన్నదని మేము బావగారితో మెల్లగా అన్నాము. ఆయన కాదనలేదు.

ఆటల విషయంలో మన ఇళ్ళలో ఉన్న ఆందోళన నిరాధారమైనది కాదు. నమాజు వేళలు మరచిపోయేలా చేసే ఆట, కాల్పులూ అశ్లీలతా నిండిన ఆట ఏ రకంగానూ మంచిది కాదు. మోడింగ్ నుండి పుట్టిన వాటిలో అత్యంత ప్రసిద్ధమైనది 'కౌంటర్ స్ట్రైక్'. 1999లో కెనడాలో విద్యార్థిగా ఉన్న మిన్ లీ, అమెరికాకు చెందిన జెస్ క్లిఫ్‌తో కలిసి 'హాఫ్-లైఫ్' అనే ఆటకు మార్పుగా దానిని రూపొందించాడు. మరుసటి సంవత్సరమే ఆ ఆట యజమానులైన వాల్వ్ సంస్థ దానిని తనలో చేర్చుకొని, ఆ ఇద్దరికీ ఉద్యోగాలిచ్చింది. ఆ ఆటలోని కాల్పులు మన పిల్లలకు ఆదర్శం కావు. కాని ఒక విద్యార్థి ఆడడం నుండి తయారుచేయడానికి ఎలా మారాడన్నది గమనించదగినది. ఆడేవాడు మరొకరు వేసిన దారిలో తిరుగుతాడు. మార్చేవాడు ఆ దారి ఎలా వేశారో తెలుసుకుంటాడు. కంపైలర్ చూపే తప్పుల పట్టికను ఒక్కొక్కటిగా చదివి, ఎక్కడో మరచిన ఒక చిన్న గుర్తును వెదికి పట్టుకోవడంలో ఓర్పు అలవడుతుంది. ఇది ఇంటి నుండే నేర్వగల విద్య గనుక, చదువు మధ్యలో ఆగిన మన ఆడపిల్లలకూ తలుపు తెరిచి ఉంటుంది. అయితే తన మోడ్‌తో ఇతరులను మోసగించి గెలవడం, మరొకరి పనిని తనదిగా చెప్పుకోవడం కూడదని ముందే చెప్పాలి.

ఆ సాయంకాలం మేము నలుగురమూ కూర్చొని కొన్ని షరతులు మాట్లాడుకున్నాము. కంప్యూటరు అమ్మరు. దొంగ కంపైలర్‌తోపాటు, స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఆ క్రికెట్ ఆటను కూడా మేనల్లుడు తీసివేస్తాడు. అదీ కొన్నది కాదు. పని ముందుగదిలోనే, ఇషా తరువాత ఒక గంట. అన్నింటికంటె కష్టమైన షరతు చివరిది. పోయిన లెక్కలను వాడే తిరిగి వ్రాసి తేవాలి.

వాడు నోటుపుస్తకం పట్టుకొని మార్కాపురం నుండి కంభం, గిద్దలూరు వరకు బావగారి ఖాతాదారుల దుకాణాలన్నీ తిరిగాడు. జరిగింది చెప్పి, "మీరు మాకు ఎంత ఇవ్వాలో మీ పుస్తకం చూసి చెప్పండి" అని అడిగాడు. గిద్దలూరులో తిరిగిన రెండు రోజులూ మా ఇంట్లోనే ఉన్నాడు. మొదటి దుకాణం మెట్లెక్కడానికి అరగంట పట్టిందని రాత్రి భోజనం దగ్గర చెప్పాడు. చాలామంది నిజాయితీగా చెప్పారు. ఇద్దరు మాత్రం ఏమీ లేదన్నారు. ఆ డబ్బు రాలేదు. ఇక రాకపోవచ్చు.

ఇప్పుడు వాడు ఆడేది లువాంటి అనే ఆట. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన పెర్ట్టు అహోలా ఆరంభించగా, మొన్న 2024 వరకు మైన్‌టెస్ట్ అనే పేరుతో ఉన్నది. ఇటుకలతో ఇళ్ళు, ఊళ్ళు కట్టుకునే ఆట అది. ఎవరైనా మార్చుకోవడానికి అనుమతి ఉంది. మార్పులు లువా భాషలో, లోపలి యంత్రం సి++లో ఉంటాయి. వాడు ఉచిత కంపైలర్‌తో ఆ యంత్రాన్ని మూలం నుండి తయారుచేయడానికి ప్రయత్నించాడు. నాలుగు రాత్రులు తప్పుల పట్టికే వచ్చింది. ఐదవ రాత్రి ఆట తెరుచుకున్నది.

మొన్న మేము మళ్ళీ వెళ్ళినప్పుడు దుప్పటి మడిచి బీరువా మీద పెట్టి ఉంది. వాడు ఆ ఆటలో క్రొత్తగా చేర్చిన వస్తువును చూపాడు. 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు గల చిన్న బొమ్మతో చేసిన నల్లని పలక అది. గోడకు తగిలించి దాని మీద అక్షరాలు వ్రాయవచ్చు. బావగారు కళ్ళద్దాలు పెట్టుకొని తెర దగ్గరకు వంగి చాలాసేపు చూశారు. "మన రాయి ఇంత నలుపు ఉండదు బేటా, కొంచెం బూడిదరంగు కలుపు" అని కుర్చీ లాక్కొని వాడి ప్రక్కన కూర్చున్నారు.